తరుగు

జిల్లా ఆఫీసు నుంచి కాయితం వచ్చింది.
బూతు నంబరు నూట పదిహేడు.
పోయినసారి మనకు ఆరు వందల ముప్పై,
ఈసారి రెండు వందల నాలుగు.
కింద ‘కారణాలు’ అని రాసి
ఒక గడి గీసిన్రు,
అగ్గిపెట్టె అంత.

దాంట్ల పట్టే మాటల కోసం
పరకాల దాటి బండి తీసిన.
ఊరు కనవడంగనే మెడల కండువా తీసి
సీటు కింద దోపిన,
ఉక్కపోస్తున్నదని.
కాయితం మీద అబద్ధమెందుకు,
సిగ్గయ్యే తీసిన.

కల్లంల వడ్లు వోసి పద్దెనిమిది రోజులు.
కుప్ప పక్కకే మంచమేసుకున్న ఓదెలు
నన్ను జూసి లేవలే, కూసొమ్మనలే.
గెలిచినేడు నన్ను భుజాల మీదికెత్తుకున్నది ఈ ఓదెలే.
ఆ భుజం ఎముక గుచ్చుకున్నది ఇంక యాదికున్నది.
దిగినట్టే యాదికి లేదు.

కాళ్లతోని వడ్లు తిరగదోసుకుంట అన్నడు:
“మీరున్నప్పుడు క్వింటాలుకు నాలుగు కిలోలు తరుగు.
ఇప్పుడు ఐదు.
ఆ ఒక్క కిలో కోసం
మల్ల మీకే గుద్దాల్నా?”

జవాబు ఉండె నా దగ్గర.
నలభై పేజీల బుక్కు అచ్చేసి ఇచ్చిన్రు మాకు,
రంగు బొమ్మలతోని.
సంచిల్నే ఉంచిన.
ఆ నాలుగు కిలోల సంగతి నాకు అప్పుడే ఎరుక.
మిల్లు మనోళ్లదే.

కాంటా కాడ వీరలక్ష్మి
బస్తాలు రాసుకుంట, తల ఎత్తకుండ:
“మీటింగులకు బస్సులెక్కిచ్చి
ఎక్కినంక ఒకసారి, దిగినంక ఒకసారి
మమ్ముల లెక్కవెట్టిన్రు అన్నా.
మా మాట ఎన్నడన్న లెక్కల వెట్టిన్రా?”

హోటల్ల రాజవీరు సారు,
రిటైరై తొమ్మిదేండ్లు.
చాయ సాసర్ల వోసుకొని ఊదిండు శానసేపు.
“నేను అటు కాదు, ఇటు కాదు.
కాలువ నీళ్లు చివరి మడికి రాలేదని
ఒక్క మాటన్న.
మీ పోరగాళ్లు ఫోన్లల్ల నన్ను ద్రోహి అన్నరు.
నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నోళ్లే.
నా అసొంటోళ్లు ఊరికి నూరుమంది ఉంటరు.
అరవరు, జెండా వట్టరు.
లైన్ల నిలవడి, ఏసి, ఇంటికి వోయి పంటరు.
మీరు మాత్రం ఎప్పటికీ
అరిచేటోని ఇంటికాడ్నే చాయ తాగిన్రు.”
పైసలు ఆయనే ఇచ్చిండు.
నాయి సుత.

రాద్దామని పెన్ను తీసిన్నో లేదో
పడమర నల్లవడ్డది.
చెడగొట్టు వాన.
ఊరంత కల్లం దిక్కు ఉరుకుడు.
“ఆ కొస వట్టు” అన్నడు ఓదెలు,
పేరు గూడ అనకుండ.
పట్టిన.
పరదాకు అవుతల కొసన మొగిలి,
గెలిచినొద్దు మా ఇంటి ముంగట
గంటసేపు డప్పు గొట్టిచ్చినోడు.
నడుమ వడ్లు.
ఇద్దరం గాలి దిక్కే చూసినం.

పరదాలు సాలలే.
వీరలక్ష్మి పంచాయితి వెనకనుంచి
మా పాత ఫ్లెక్సీ గుంజుకొచ్చింది,
ముప్పై ఫీట్లది.
పెద్దసారు నవ్వు మొఖం
వడ్ల దిక్కు బోర్లవెట్టి పరిచినం,
అంచుల మీద రాళ్లు వెట్టినం.
ఆ ఊర్ల మా పార్టీ
ఒక గింజ తడువకుండ ఆపుడు
నాకెరుకైన కాడికి అదే మొదలు.

వాన ఎలిసినంక ఓదెలు
బీడీ ముట్టిచ్చుకొని, నాకోటి ఇచ్చిండు.
“ఓటు ముచ్చట ఇప్పుడు తియ్యకు.
రేపు లారీ వస్తదన్నరు.
వస్తే నువ్వు రాకున్నా ఏం గాదు.
రాకుంటే రా.”

తెల్లారి ఏడింటికి జిల్లా ఆఫీసు ఫోను.
నేను కల్లంలనే ఉన్న.
లారీ రాలే.
“రిపోర్టు ఏదయ్యా?”
తడిసింది సార్, ఆరవోసిన.
తేమ పదిహేడుకు దిగినంక
పంపుత.